వెనక వసారాలో మూడు రోజులు

అరవవాళ్ళ పెరటాశి నెల రెండో శనివారం స్వామికి పెట్టే తళిగ నైవేద్యం ముగిసింది. వెంకటేశ్వరస్వామి పటం ముందు అరిటాకుల మీద కుప్పపోసిన పులిహోర, చక్కెర పొంగలి, పెరుగన్నం వచ్చినవాళ్ళందరికీ పంచిపెట్టారు. బియ్యప్పిండి దీపం కొండెక్కింది. కనకవల్లమ్మ నడవలో గోడకానుకుని కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు రాసుకుంటూ, కూర్చున్న ఆడవాళ్ళందరికీ వినిపించేటట్టు, తన కోడలికి నిలిచిపోయిందని చెప్పింది. బయట కూర్చుని ఏడాది కావస్తోందట. ఇంక ఈ ఇంట్లో స్వామికి ఏ శనివారమూ తప్పదట.

వంటింట్లో చూడామణి అన్నం వండిన గుండిగ తోముతోంది. అడుగున మాడు గట్టిగా పట్టింది. కొబ్బరి పీచు బూడిదలో అద్ది రుద్దుతూ ఆ మాట వింది. అందులో దాచుకోవలసిందేమీ లేదు. మదరాసు తంగసాల వీధి వెనక సందుల్లో ఉన్న తెలుగు శెట్ల ఇళ్ళలో ఎవరు బయట కూర్చున్నారు, ఎవరు తల పోసుకున్నారు, ఎవరి చేతి వంట దేవుడికి పనికొస్తుంది అన్నవి, రేషను బియ్యం వచ్చిందా లేదా అన్నంత మామూలు సంగతులు.

నడవలో ఒకామె, అదృష్టవంతురాలు, ఆ పీడ వదిలింది అంది. పెరంబూరు నుంచి వచ్చిన ఆడబిడ్డ వరదలక్ష్మి నవ్వింది.

"ఇంకేంది, వదిన ఎప్పుడూ మడే. కార్తీకంలో మా మామగారి తద్దినానికి వంటమనిషిని వెతకబళ్ళేదు."

ఇంకొకామె తన మనవడి పుట్టువెంట్రుకల రోజుకి చూడామణి కావాలంది. మరొకామె ఇంకా ఖాయం కాని పెళ్ళికి ఇప్పుడే అడిగిపెట్టుకుంది. చూడామణికి రాబోయే నెలలన్నీ కాసేపట్లో నడవలోనే పంపకమైపోయాయి. అందరూ ప్రేమగానే మాట్లాడారు. అందుకే ఆమెకి ఊపిరాడలేదు.

ఛాతీ దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా చెవులదాకా పాకింది. రవిక వీపుకి అతుక్కుపోయింది. బూడిద చేతులతోనే లేచి, నీళ్ళ తొట్టి పక్కన చెమ్మగా ఉన్న గోడకి చెంప ఆనించింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పొగ లేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. కారణం దొరకని ఏడుపు మనిషిని ఎంత సిగ్గుపెడుతుందో ఆమెకి ఈ మధ్యనే తెలిసింది. పైట చెంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ గుండిగ ముందు కూర్చుంది.

ఆ వారమంతా ఆమె పని మానలేదు. ఇంట్లో ఉన్నది అత్త, భర్త యతిరాజులు, తను, ముగ్గురే. కొడుకు భాష్యం బెజవాడలో ఉద్యోగం చేస్తున్నాడు. కూతురు మృణాళిని మొన్న వైశాఖంలో పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది. వెళ్ళేముందు జడ విప్పి కిటికీ ఊచకి కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా అక్కడే ఉంది. చూడామణి రోజూ ఆ గది ఊడుస్తుంది కాని రిబ్బను విప్పదు. తెల్లవారుజామున ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తే, వెలుగు వచ్చేదాకా అటే చూస్తూ పడుకుంటుంది.

ఒకనాటి మధ్యాహ్నం వెనక వసారాలోకి వెళ్ళి తన రేకుపెట్టె తెరిచింది. అందులో చుట్టిన చాప, కంచం, లోటా. వాటి కింద పాత పంచె ముక్కలో చుట్టిన తెల్ల దారం లేసు, కొక్కెం సూది. తలుపు మీద కట్టడానికి అల్లుతున్న తోరణం అది. నెలకోసారి ఈ వసారాలో బయట కూర్చున్న ఆ మూడు రోజుల్లోనే అల్లేది, మిగతా రోజుల్లో తీరిక ఉండేది కాదు. వరసగా చిలకలు. చివరి చిలకకి రెక్కలు వచ్చాయి, ముక్కు, తల ఇంకా రాలేదు. ఏడాదిగా ఆ చిలక అలాగే ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఆ మూడు రోజులూ ఆమెకి అవమానంగా ఉండేవి. అన్నం పైనుంచి వేసేవారు, నీళ్ళు ఎత్తి పోసేవారు. అది ఇప్పటికీ అవమానమేనని ఆమెకి తెలుసు. కానీ ఆ అవమానం లోపల ఒక మధ్యాహ్నం ఉండేది. ఎవరూ పిలవని మధ్యాహ్నం, పిలిచినా లేవక్కర్లేని మధ్యాహ్నం. అది పోయిందని ఎవరితో చెప్పుకుంటుంది? పీడ వదిలిందని లోకం సంతోషిస్తుంటే, ఆ పీడ నాకు కావాలని ఏ నోటితో అంటుంది? పెట్టె మూసేసి బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్ళింది.

కొళాయిలో తోలు వాషరు ఉంటుందని కనకవల్లమ్మ మడి నీళ్ళకి కార్పొరేషను కొళాయిని ఒప్పుకోదు. అందుకని వంటకి, పూజకి పెరటి బావి నీళ్ళే. బావి మీద ఉండే కమ్మీల మూతని వేసవిలో పూడిక తీయడానికి దింపి గోడకి ఆనించారు. మళ్ళీ ఎత్తి పెట్టలేదు. కనకవల్లమ్మ కొడుకుతో ఆ మూత సంగతి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అంటూనే ఉంది. యతిరాజులు సరేనంటూనే ఉన్నాడు.

చేద దించి, గిలక చప్పుడు ఆగాక, చూడామణి వరల మీదికి వంగింది. కింది నుంచి చల్లదనం వచ్చి ముఖానికి తగిలింది. ఆ చల్లదనం కోసమే వంగుతున్నానని తనకి తాను చెప్పుకుంది. నీళ్ళలో గుండ్రంగా ఆకాశం ముక్క, దాని మధ్యలో నల్లగా తన తల. ముఖం మాత్రం కనిపించదు. ఇంకొంచెం వంగితే కనిపిస్తుందేమో.

"చూడామణీ, బిందె నిండలేదా మే?"

వంటింటి గుమ్మంలోంచి అత్త పిలిచింది. చూడామణి బదులు చెప్పలేదు. చేద లాగింది. బావి దగ్గర నిలబడినప్పుడల్లా ఇదే పిలుపు. ఒక్క క్షణం ఊరికే నిలబడితే ఈ ముసలామె ప్రాణం ఒప్పుకోదు కాబోలు అనుకుంది. బిందె చంకనెత్తుకుని గుమ్మం దాటుతూ అత్త ముఖం వైపు చూడలేదు.

యతిరాజులు హార్బరు ఆఫీసులో గుమాస్తా. మెత్తని మనిషి. ఆమె కంచంలో అన్నం కెలికి వదిలేస్తోందని గమనించాడు. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. ఎవరూ అనలేదంది. ఆ జవాబు నిజం కావడమే అతన్ని తికమకపెట్టింది. తిట్టినవాళ్ళుంటే వాళ్ళ మీదికి వెళ్ళవచ్చు. ఎవరూ లేకపోతే ఏంచేస్తాడు? సంతలో వట్టివేళ్ళ విసనకర్ర కొని తెచ్చాడు. ఆఫీసుకి వెళ్ళేముందు దాన్ని తడిపి, ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంటే వెనక నిలబడి కాసేపు విసిరి వెళ్ళేవాడు. ఆ వాసన ఆమెకి ఇష్టం. అతను వెళ్ళాక, ఇంత మంచివాడు ఉండి కూడా తనకేం రోగం అని ఇంకొంచెం ఏడుపు వచ్చేది.

బుధవారం సాయంత్రం వీధి చివర ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నాలుక చూసి, కళ్ళు చూసి, ఆమెతో కాక అతనితో మాట్లాడాడు. ఈ వయసులో ఆడవాళ్ళకి నరాలు బలహీనపడతాయన్నాడు. గులాబి రంగు మందు సీసాలో పోయించి, ఊరికే కూర్చోనివ్వవద్దు, చేతినిండా పని ఉంటే మనసు అదే కుదురుకుంటుంది అన్నాడు. యతిరాజులు ఇంటికి వచ్చి ఆ మాట తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏ విషయానికైనా ఒక మాట తప్పకుండా అనే కనకవల్లమ్మ ఆ రోజు తమలపాకు ఈనెలు తీస్తూ, తీసిన ఆకునే మళ్ళీ తీస్తూ కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం కనకవల్లమ్మ మర్నాటి తళిగకి పనులు పురమాయించింది. పెరంబూరు వాళ్ళందరూ వస్తారు, వడలు ఎక్కువ కావాలి. కూడబెట్టిన రేషను బియ్యంలో రాళ్ళు ఏరాలి. ఉద్దిపప్పు నానబోసి ఉంది, సాయంత్రానికి కడిగి రుబ్బాలి. చూడామణి రుబ్బురోలు ముందు నిలబడి పప్పు గిన్నె వైపు చూసింది. పొట్టు నీళ్ళపైన తేలుతోంది. చేయి ముంచితే చాలు, పని అదే సాగుతుంది, రేపు ముగుస్తుంది, వచ్చే శనివారం మళ్ళీ మొదలవుతుంది. చేయి మాత్రం లేవలేదు.

ఆమె వెనక్కి తిరిగి వంటింటి గుమ్మం దాటి, బయట రాతి మెట్టు మీద నిలబడింది.

"అత్తా, నేను దూరం," అంది.

అనాలని అనుకోలేదు. ఆ మాట ఎన్నో ఏళ్ళు నెలనెలా అదే మెట్టు మీద నిలబడి అన్నది కనక, కాళ్ళు అక్కడికి రాగానే నోరు దానంతటదే అనేసింది. తన గొంతు విని తనే అదిరిపోయింది.

కనకవల్లమ్మ తల ఎత్తి చూసింది. ఆ చూపు ఆమె ముఖం మీద చాలాసేపు నిలిచింది. చూడామణి కళ్ళు దించుకుంది.

"పప్పు ముట్టుకున్నావా?"

"లేదు."

"సరి. ఎనక్కి పో. చాప పరుచుకో," అంది కనకవల్లమ్మ. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా లేచి, మోకాళ్ళు నిటారుగా సాగేదాకా ఆగి, రుబ్బురోలు దగ్గరికి నడిచింది.

సాయంత్రం యతిరాజులు ఆఫీసు నుంచి వచ్చాడు. వసారాలో చాప చూసి పెరట్లో దూరంగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళ తర్వాత ఇదేమిటని కంగారుపడ్డాడు, మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళదామన్నాడు. వంటింట్లోంచి తల్లి గొంతు వచ్చింది.

"ఆడోళ్ళ సంగతి నీకెందుకురా? చొక్కా విప్పి, తల మీద రెండు చెంబులు పోసుకోని, తడి పంచెతో ఇట్లా రా. పప్పు రుబ్బాల."

"నేనా?"

"మరి నేనా? ఈ మోకాళ్ళతోనా?"

యతిరాజులు భార్య వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి రుబ్బురోలు తిరిగే చప్పుడు మొదలైంది. తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం. మధ్యమధ్య తల్లి సలహాలు. ఆ చప్పుడు వింటూ చూడామణి చాప అంచు పీకుతూ పడుకుంది. పాపం చేశాననుకుంది. రేపు స్వామి ముందు పెట్టే ప్రతి మెతుకులోనూ తన అబద్ధం ఉంటుందనుకుంది. లేచి వెళ్ళి చెప్పేద్దామనుకుంది. అనుకుంటూనే నిద్రపోయింది.

తెల్లవారక ముందు బావి దగ్గర నీళ్ళు పోసుకుంటున్న చప్పుడుకి కళ్ళు తెరిచింది. అత్త మడి స్నానం. కొంతసేపటికి మళ్ళీ నీళ్ళ చప్పుడు వినిపించింది. వంటకి ముందు ఏదో తగిలి ఉంటుంది, మళ్ళీ స్నానం చేస్తున్నట్టుంది అనుకుని కళ్ళు మూసుకుంది. ఎన్నో నెలల తర్వాత, మెలకువ వచ్చాక మళ్ళీ నిద్ర పట్టింది.

లేచేసరికి ఎండ వసారా అంచుదాకా వచ్చింది. వంటింట్లో తిరగమోత చిటపటలాడింది. వెంటనే మాడిన మిరపకాయల ఘాటు, యతిరాజులు దగ్గు, అతని తల్లి ముక్కాలిపీట మీద కూర్చుని ఇచ్చే హుకుములు. పసుపు ఎక్కువైందట. కాదు, దీపం వెలుగుకి అట్లా కనిపిస్తోందట. ఒక వడ నూనెలో పేలింది. చేతిమీద నూనె చిందినట్టుంది, అతను గోవిందా అన్నాడు. "అరవబాకు, స్వామి ఇంకా రాలేదు," అంది తల్లి.

చూడామణికి నవ్వొచ్చింది. నవ్వు వచ్చిందని తెలిసి భయం వేసింది. చుట్టూ చూసి, పెట్టె తెరిచి లేసు తీసింది. దారం వేలికి చుట్టుకోగానే వేళ్ళకి దారి గుర్తొచ్చింది. చిలకకి ముందు మెడ వచ్చింది, తర్వాత కొంచెం కొంచెంగా తల. లోపల గోవింద నామాలు మొదలయ్యాయి. యతిరాజులు గొంతు మిరపఘాటుకి బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతుతోనే అందరికంటే గట్టిగా చెబుతున్నాడు.

హారతి అయ్యాక వరదలక్ష్మి పెరట్లోకి వచ్చింది. నీళ్ళ కాలవకి అవతల, ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబడి, ఎడంచేత్తో పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది.

"ఏం వదినా, తళిగ దినం చూసుకోని కూర్చున్నావే. మా అన్న చేత వడలేయించినావు. అవి విరగ్గొట్టేదానికి రోకలి కావాల."

చూడామణి చిన్నగా నవ్వింది. వరదలక్ష్మి నవ్వు ఆపి గొంతు తగ్గించింది.

"అమ్మేమో నిలిచిపోయిందనె. నలుగురికీ చెప్పె. నిజంగా వచ్చిందా, లేకపోతే చుమ్మా, ఊరికే కూర్చున్నావా?"

అంటూనే ఆమె కళ్ళు స్నానాల గది వెనక్కి తిరిగాయి. ఆ గది వెనక, ఎవరికీ కనపడని చోట, బయట కూర్చున్నవాళ్ళు తమ గుడ్డలు ఉతికి ఆరేసుకునే తాడు ఉంది. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన వరదలక్ష్మికి అది బాగా తెలుసు.

చూడామణి వేలికి చుట్టిన దారం బిగుసుకుంది. ఆ తాడు సంగతి ఆమెకి గుర్తే లేదు. ఇన్నేళ్ళూ రెండోరోజు తెల్లవారగానే చేసే మొదటి పని అది. నిన్న కాళ్ళు మెట్టు మీదికి వెళ్ళాయి, నోరు మాట అంది. కాని ఉతకడానికి ఏమీ లేకపోయేసరికి చేతులు ఊరుకున్నాయి. తాడు ఖాళీగా ఉంటుంది. వరదలక్ష్మి చూస్తుంది. నడవలో కూర్చున్నవాళ్ళకి చెబుతుంది. స్వామి తళిగ నాడు ముట్టు నటించిన ఆడదని మదరాసులో ఉన్న చుట్టాలందరికీ తెలుస్తుంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి: ఇంక ఈ వసారా ఆమెకి ఎప్పటికీ దొరకదు.

వరదలక్ష్మి కాలవ వెంబడి నడిచి స్నానాల గది వెనక్కి వెళ్ళింది. చూడామణి పిలవబోయి ఆగింది. ఏమని పిలుస్తుంది?

ఆడబిడ్డ తిరిగి వచ్చింది. ముఖంలో వెటకారం లేదు.

"పాపం, ఈ వయసులో కూడా ఇంకా ఈ బాధేంది వదినా," అంది. "పండుకో. లేవద్దు. తద్దినం సంగతి అప్పుడు చూసుకుందాంలే."

ఆమె లోపలికి వెళ్ళేదాకా చూడామణి కదల్లేదు. తర్వాత లేచి, గోడవారగా నడిచి, స్నానాల గది వెనక్కి వెళ్ళింది.

తాడు మీద గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వాటి మీద, పద్ధతి ప్రకారం, కనపడకుండా ఒక పాత తుండు కప్పి ఉంది. తుండు ఎత్తి చూసింది. నాలుగు మూలలూ సమంగా చింపిన తెల్ల చీర ముక్కలు. బాగా ఉతికి పిండారు. అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. అవి తనవి కావు. ఒక ముక్క చివర ముక్కుపొడి రంగు సన్నంచు కనిపించింది. మామగారు పోయాక అత్త కట్టుకునే చీరలకి అదే అంచు.

తెల్లవారుజామున రెండుసార్లు వినిపించిన నీళ్ళ చప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. మడి తప్పినవాళ్ళ నీడ తగిలితే మళ్ళీ స్నానం చేసే మనిషి, తళిగ వండవలసిన రోజు, ఈ తాడు ముట్టుకుంది. గుడ్డలు చింపి, తడిపి, పిండి, వంగని నడుముతో వంగి ఆరేసి, మళ్ళీ తల మీద నీళ్ళు పోసుకుని వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది.

చూడామణి తుండు ముందులాగే కప్పి, వసారాలోకి వచ్చి కూర్చుంది. లేసు ఒళ్ళో పెట్టుకుంది కాని అల్లలేదు.

చుట్టాలు వెళ్ళేముందు కనకవల్లమ్మ పెరట్లోకి వచ్చి, కొడుకునీ పెరంబూరు అల్లుడినీ పిలిచింది. ఇద్దరూ తిన్న ఆయాసంతో ఉన్నారు. రేపు చూద్దామన్నారు. ఇప్పుడే అని ఆమె అక్కడే నిలబడింది. వాళ్ళు గోడకానించిన కమ్మీల మూత రెండు వైపులా పట్టుకుని, తుప్పు రాలుతుంటే, బావి వరల మీదికి ఎత్తారు. మధ్యలో చేద పట్టేంత చిన్న తలుపు ఉంది దానికి. ఆ తలుపు తెరిచి, మూసి, చూసుకుని కనకవల్లమ్మ తల ఊపింది.

అందరూ వెళ్ళిపోయాక అరిటాకులో అన్నీ పెట్టుకుని తనే తెచ్చింది. పైనుంచి వేయలేదు. చాప ముందు ఆకు పెట్టి, గోడ పట్టుకుని, మెల్లగా కిందికి వంగి, అదే చాప మీద కోడలి పక్కన కూర్చుంది. చూడామణి అలవాటుగా పక్కకి జరగబోయింది. ముసలామె ఆమె మోకాలు మీద చేయి వేసి ఆపింది.

"అత్తా, నేను..."

"తెలుసులే. తిను."

చూడామణి పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు ఎక్కువై చేదెక్కింది.

"అబద్ధమాడేదానివి తాడు మీద గుడ్డలేయాల్నని తెలీదా? దానికి కళ్ళు ఎంత పెద్దవో ఎరగవా? నా కూతురు కదా, నాకు తెలుసు."

"స్వామి దినం అబద్ధం చెప్పినాను అత్తా."

"స్వామి మా యతిరాజులు చేతి పులిహోర తినాల్సొచ్చింది. శిక్ష ఆయనకే పడిందిలే."

చూడామణి నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఏడుపైంది. కనకవల్లమ్మ వద్దనలేదు. ఎదురుగా బావి వైపు చూస్తూ, ఆమె తినేదాకా కూర్చుంది. తర్వాత అడిగింది.

"ఆ మూత ఎప్పుడేసింది, గుర్తుండాదా?"

చూడామణికి గుర్తుంది. భాష్యం పుట్టిన ఏడు. మామగారు మనవడి కోసం ఎంత ముందుచూపుతో ఉన్నారా అని ఆమె మురిసిపోయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా చెప్పుకుంది. "పిల్లోడు పడతాడని కదా మామగారు వేయించినారు," అంది.

"అందరికీ అట్లనే చెప్పినాడు. భాష్యం అప్పటికి బోర్లా కూడా పడలేదు."

చూడామణి చేయి ఆకు మీదే ఆగింది.

"నాకు నిలిచిపోయిన ఏడు అది," అంది కనకవల్లమ్మ. "ఎందుకో చెప్పలేను. ఏడుపొచ్చేది. నీళ్ళ కాడికి పోతే రాబుద్ధి అయ్యేది కాదు. మీ మామ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. వాకిట్లో కూర్చోని పిలిచేవాడు, బిందె నిండలేదా, బిందె నిండలేదా అని. నాకు ఒళ్ళు మండేది. కొన్నాళ్ళకి మూత వేయించినాడు."

చూడామణి ఆ ఏడు ఈ ఇంట్లోనే ఉంది. ఒళ్ళో పసిబిడ్డ, ఎదురుగా అత్త. ఆమె చూసింది ఒక కోపిష్టి అత్తని, గిన్నెలు విసిరే అత్తని. ఇంకేమీ చూడలేదు. చూడడానికి ఇంకేమైనా ఉంటుందని కూడా అనుకోలేదు.

"నువ్వు ఈడ కూర్చోని లేసు అల్లుతా ఉండేదానివి," అంది కనకవల్లమ్మ. "నేను పొయ్యి కాడ నుంచి చూసేదాన్ని. నాకు పోయిన మూడు దినాలూ నీకొచ్చినట్టు ఉండేది. ఎంత కోపమో. నీ అన్నంలో కావాలనే నెయ్యి తక్కువేసేదాన్ని."

"నాకు తెలుసు," అంది చూడామణి.

ముసలామె ఆమె వైపు తిరిగి చూసింది. ఇద్దరూ నవ్వారు.

"మరి పోయిన వారం అందరి ముందరా ఎందుకు చెప్పినారు అత్తా? అంత సంతోషంగా?"

కనకవల్లమ్మ చీర అంచు వేళ్ళతో మడిచింది, విప్పింది.

"నాకు మా అత్త అట్లనే చెప్పింది. అట్లాంటప్పుడు ఇంకేం చెప్పాల్నో నాకు తెలీదు. నువ్వు సంతోషిస్తావేమో అనుకున్నా. తర్వాత వంటింట్లో నీ మొకం చూసినాను. రెండో కాన్పు అయినాక కూడా నీకు అదే మొకం."

ఒళ్ళో ఉన్న లేసు తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చిలక తల మీద వేలు పెట్టి, దీనికి కన్ను ఏదని అడిగింది. ఒక కుట్టు వదిలేస్తే ఆ సందే కన్నవుతుందని చూడామణి చెప్పింది.

"సరి, కన్ను పెట్టు. ఎల్లుండి తల పోసుకుందువు. వచ్చే నెలా కూర్చో. నేనుండే దాకా కూర్చో, ఎవురడుగుతారో చూస్తా." గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక, కోడలి భుజం మీద చేయి వేసి లేచింది. "గుడ్డలు మాత్రం నువ్వే ఉతుక్కో. నా నడుం వంగదు."

ఆదివారం పొద్దున కనకవల్లమ్మ ఎత్తి నీళ్ళు పోస్తుంటే చూడామణి రాతి తొట్టి దగ్గర కూర్చుని, ఏ మరకా లేని తెల్ల గుడ్డలు సబ్బు పెట్టి ఉతికింది. ఒక్కొక్కటి పిండి, దులిపి, తాడు మీద వేసి, పైన తుండు కప్పింది. వంటింటి కిటికీలోంచి యతిరాజులు చూస్తున్నాడు. చేతి మీద నూనె చిందిన చోట నెయ్యి రాసుకుంటూ, ఏమీ అడగలేదు. కాసేపటికి, వచ్చే నెల ముందు రోజే చెబితే చింతపండు తను నానేసి పెట్టుకుంటానన్నాడు. ఉప్పు సంగతి ఇప్పుడు తెలిసిందన్నాడు. ఎంతవరకు అర్థమై అన్నాడో చూడామణికి తెలియలేదు.

సోమవారం ఆమె తల పోసుకుంది. తడి జుట్టు ముడి వేసుకుని, బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్ళింది. కమ్మీల మూత మధ్యలో చిన్న తలుపు తెరిచి చేద దించింది. ముఖానికి మళ్ళీ ఆ చల్లదనం తగిలింది. కింద నీళ్ళలో ఆకాశం ముక్కలు ముక్కలుగా, గళ్ళు గళ్ళుగా కనిపించింది. చేద తగలగానే గళ్ళన్నీ కదిలాయి. ఆమె వాటిని చూస్తూ నిలబడింది.

"చూడామణీ, బిందె నిండలేదా మే?"

"ఇంకా లేదత్తా," అంది చూడామణి. "నిండినాక చెప్తా."